కారులో సన్నని కూత: ఏ భాగం మొర పెడుతోంది?

ఐదారేళ్లు వాడిన ఓ చిన్న పెట్రోల్ కారు. ఊళ్లో తిరిగినంతసేపూ దానికి ఏ ఇబ్బందీ ఉండదు. హైవే ఎక్కి వేగం 50 కిలోమీటర్లు దాటగానే ఎక్కడి నుంచో సన్నని కూత మొదలవుతుంది. 60 దగ్గర స్పష్టంగా వినిపిస్తుంది. 80కి చేరేసరికి ఇంకాస్త కీచుగా మారుతుంది. పాటలు పెట్టుకుంటే మరుగున పడుతుంది, ఆపేస్తే మళ్లీ చెవిలో దూరుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే ఒక మెకానిక్ టైర్లు అరిగాయంటాడు. ఇంకొకాయన వీల్ బేరింగ్ పోయిందంటాడు. మూడోచోట గేర్‌బాక్స్ దించి చూడాల్సిందేనంటారు. ముగ్గురూ చేయి తిరిగినవాళ్లే. కానీ మూడు మాటలూ ఒకేసారి నిజం కావడం అరుదు.

ఇందులో పొరపాటు పడితే నష్టం చిన్నది కాదు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ కారిపోవడం వల్ల ఆ కూత వస్తుంటే, ఇవాళ సీల్ మార్చి ఆయిల్ పోస్తే సరిపోవచ్చు. కొన్ని నెలలు అలాగే నడిపితే గేర్లూ బేరింగులూ కలిపి మార్చాల్సి వస్తుంది. వీల్ బేరింగ్ అయితే వ్యవహారం డబ్బుతో ఆగదు. బాగా అరిగిన బేరింగ్ వేడెక్కి పట్టేయవచ్చు, చక్రం ఊగి కారు అదుపు తప్పవచ్చు. అదే అరిగిన టైర్ల రొద మాత్రమే అయితే గేర్‌బాక్స్ దించడం శుద్ధ దండగ.

ఈ చిక్కుముడి విప్పడానికి భౌతికశాస్త్రంలో ఓ కొస దొరుకుతుంది. కారులో కూసేదల్లా దాదాపుగా తిరిగే వస్తువే. తిరిగే ప్రతి భాగానికీ తనదైన వేగం ఉంటుంది. కూత ఎంత సన్నగా, ఎంత కీచుగా వినిపించాలో ఆ వేగమే నిర్ణయిస్తుంది. స్కూలు పుస్తకాల్లో దీన్నే కీచుదనం లేదా స్థాయి అన్నారు. శాస్త్రపరంగా అది పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అన్న లెక్క. కాబట్టి శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని వెతికే ముందు, అది దేన్ని అనుసరించి మారుతోందో పట్టుకోవాలి. ఇంజన్ వేగాన్నా, చక్రాల వేగాన్నా, కరెంటు వాడకాన్నా, స్టీరింగ్ తిప్పడాన్నా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే అనుమానితుల జాబితాలో చాలా పేర్లు అక్కడికక్కడే కొట్టేయవచ్చు.

చెవి ఎందుకు దారి తప్పుతుంది

శబ్దం వచ్చే దిక్కును మనం రెండు చెవుల సాయంతో పసిగడతాం. 1907లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ దీనికి ఒక వివరణ ఇచ్చారు. తక్కువ పౌనఃపున్యాల దగ్గర తరంగం ఒక చెవిని ముందు, రెండో చెవిని కాస్త వెనక చేరుతుంది; ఆ తేడాను మెదడు లెక్కేస్తుంది. ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర తలే అడ్డుగోడలా నిలిచి, అవతలి చెవిమీద శబ్దపు నీడ పడేలా చేస్తుంది. చిక్కల్లా మధ్యలో ఉంది. 2000 హెర్ట్జ్ శబ్దపు తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 17 సెంటీమీటర్లు, అంటే మన తల వెడల్పుకు దగ్గరగా ఉంటుంది. అక్కడ మొదటి పద్ధతి తడబడుతుంది, రెండోది ఇంకా పూర్తిగా అందుకోదు. 1936లో హార్వర్డ్‌లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు పరిశోధకులు భవనం పైకప్పు మీద ఎత్తైన కుర్చీలో మనుషులను కూర్చోబెట్టి, చుట్టూ శబ్దాలు వినిపించి, ఎటు నుంచి వచ్చిందో చెప్పమన్నారు. 3000 హెర్ట్జ్ ప్రాంతంలో పొరపాట్లు అన్నిటికంటే ఎక్కువగా జరిగాయి.

విచిత్రమేమిటంటే, మన చెవి అత్యంత చురుగ్గా వినేదీ దాదాపు ఆ ప్రాంతంలోనే. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ గీసిన రేఖలు ఈ సంగతి చూపించాయి. 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దం ఎంత సన్నగా ఉన్నా చెవికి అందుతుంది. పైగా కూత అంటే ఒకే స్థాయిలో సాగే శుద్ధ స్వరం. గాలి హోరు, టైర్ల రొద నానా పౌనఃపున్యాల కలగూర గంప. సంతలో వంద గొంతుల మధ్య ఒక ఈల వినిపించినట్టే, ఆ హోరులోంచి కూత విడిగా తేలుతుంది. మొత్తం మీద మనకది బాగా వినిపిస్తుంది, ఎక్కడిదో మాత్రం తెలియదు.

కారు నిర్మాణం దీనికి తోడవుతుంది. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో పోతుంది, గాలిలో కంటే పది రెట్లకు మించి. ముందు చక్రం దగ్గర పుట్టిన కంపనం సస్పెన్షన్ గుండా బాడీలోకి పాకి, కాళ్ల కింద ఉన్న రేకును డప్పులా మోగించగలదు. గేర్‌బాక్స్ కూత గేర్ కేబుల్ పట్టుకుని నేరుగా గేర్‌రాడ్ కిందకు చేరవచ్చు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు వెనక నుంచే వస్తోందని ఒట్టేసి చెబుతారు. అబద్ధం కాదు, వాళ్లకు అలాగే వినిపిస్తుంది.

అందుకే పాత మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్ భాగానికి ఆనించి, పిడిని చెవి పక్కన ఎముకకు తాకిస్తారు. గాలిని పక్కన పెట్టి లోహం గుండానే వినడం అది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్న పద్ధతికి ఇది చిన్నాన్న కొడుకు లాంటిది. ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది, కాకపోతే నిలిపి ఉంచిన కారులోనే. 60 కిలోమీటర్ల వేగంలో మాత్రమే వచ్చే కూతకు దీనితో పని కాదు.

నిలబెట్టి ఒకసారి, నడిపి ఒకసారి

మొదటి పరీక్ష కారు కదలకుండానే చేయొచ్చు. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను నిమిషానికి 2500 చుట్ల దాకా మెల్లగా పెంచాలి. కూత వచ్చి, ఇంజన్‌తో పాటు పైకీ కిందికీ జారితే నేరస్తుడు ఇంజన్ వైపే ఉన్నాడు: బెల్ట్, దాని పుల్లీలు, ఆల్టర్నేటర్, ఏదైనా పంపు, లేదా గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్. ఏ చప్పుడూ లేకపోతే టైర్లు, వీల్ బేరింగులు, గేర్‌బాక్స్ చివర చక్రాలను తిప్పే గేర్ల జంట మిగులుతాయి.

ఇంజన్ వైపే అని తేలితే క్లచ్ పెడల్ మరో సాక్షి. న్యూట్రల్‌లో వచ్చే శబ్దం క్లచ్ తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను అనుమానించాలి, ఎందుకంటే క్లచ్ తొక్కితే ఆ షాఫ్ట్ తిరగడం ఆగుతుంది. తొక్కినప్పుడే శబ్దం మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగ్. ఈ రెండింటినీ తారుమారు చేసుకుని గేర్‌బాక్స్ మొత్తం విప్పిన సందర్భాలు తక్కువేమీ కావు. తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ ఒకేసారి వేసి చూడాలి. కూత పెరిగితే ఆల్టర్నేటర్. స్టీరింగ్‌ను ఒక పక్కకు బాగా తిప్పినప్పుడు మూలిగితే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ పంపు. కానీ పూర్తిగా తిప్పి కొన్ని సెకన్లకు మించి పట్టుకోకూడదు, పంపులో పీడనం గరిష్ఠానికి చేరుతుంది. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఎలక్ట్రిక్ స్టీరింగే కాబట్టి ఈ పంపు ఉండదు.

ఇగ్నిషన్ వేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు వినిపించే సన్నని జుయ్‌మనే శబ్దం పెట్రోల్ పంపుది. అది మామూలే. ఆగకుండా పెద్దగా కూస్తుంటేనే గమనించాలి. ట్యాంకులోని పెట్రోలే ఆ పంపును చల్లబరుస్తుంది. ఎప్పుడూ ట్యాంకు అడుగంటే దాకా నడిపే అలవాటు దానికి మంచిది కాదు.

రెండో పరీక్ష రోడ్డు మీద. రద్దీ లేని, చదునైన దారి కావాలి. నడిపేవాళ్లు నడపాలి, పక్కన ఇంకొకరు విని రాసుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర నాలుగో గేరులో ఒకసారి, అదే వేగంలో మూడో గేరులో ఇంకోసారి. చక్రాల వేగం రెండుసార్లూ ఒకటే. ఇంజన్ వేగం మాత్రం మారింది. కూత స్థాయి మారకపోతే అది చక్రాలతో ముడిపడిన భాగం. మారితే ఇంజన్‌తో ముడిపడినది. తర్వాత యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి వినాలి. తొక్కినప్పుడు మాత్రమే వచ్చి, వదిలితే పోయే కూత గేర్ల వైపు వేలు చూపుతుంది. గేరు పళ్లకు రెండు పక్కలుంటాయి: ఇంజన్ చక్రాలను తోసేటప్పుడు ఒక పక్క భారం మోస్తుంది, చక్రాలు ఇంజన్‌ను లాగేటప్పుడు రెండోది. రోడ్డు మారినా, తారు నుంచి సిమెంటు రోడ్డెక్కినా శబ్దపు తీరు మారితే అది టైర్లదే, ఇంకో మాట లేదు. న్యూట్రల్‌లో జారనిచ్చి వినడం కూడా పనికొస్తుంది గాని, అప్పుడు ఇంజన్ ఆపడం ప్రమాదం. బ్రేకుకూ స్టీరింగ్‌కూ అందే సాయం పోతుంది, తాళం తీస్తే స్టీరింగ్ లాకయ్యే అవకాశమూ ఉంది.

పళ్ల లెక్క

గేర్లు ఎందుకు కూస్తాయి? 18వ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్ గేరు పళ్లకు ఇన్‌వొల్యూట్ అనే వంపు సరైనదని చూపించారు. ఆ వంపు ఉంటే, ఒక గేరు సమవేగంతో తిరిగితే రెండోదీ అంతే సమంగా తిరుగుతుంది. కాగితం మీద అంతా నిశ్శబ్దమే. కానీ ఉక్కు పన్ను భారం పడినప్పుడు కాస్త వంగుతుంది, తయారీలో కొద్దిపాటి తేడాలుంటాయి, వాడకంలో అరుగుతుంది. దాంతో ప్రతి పన్నూ తన వంతు వచ్చినప్పుడు రెండో గేరును ఒక్క పిసరు ముందుకో వెనక్కో నెడుతుంది. ఇంజనీర్లు దీన్ని ట్రాన్స్‌మిషన్ ఎర్రర్ అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, వినిపించే కూత పుట్టడానికి కొద్ది మైక్రాన్ల తేడా చాలు. పన్ను తర్వాత పన్ను, ఆ చిన్న తోపు సెకనుకు వందలసార్లు తిరిగి తిరిగి పడుతుంది. అదే మన చెవిన పడే స్వరం.

రివర్స్ గేరు వేస్తే చాలా కార్లు కూయడం అందరికీ తెలిసిందే. అది లోపం కాదు. ముందుకు నడిపే గేర్లకు పళ్లు ఏటవాలుగా ఉంటాయి. ఒక పన్ను పూర్తిగా వదలకముందే తర్వాతిది పట్టు అందుకుంటుంది, భారం మెల్లగా చేతులు మారుతుంది. చాలా మాన్యువల్ గేర్‌బాక్స్‌లలో రివర్స్ గేరుకు మాత్రం నిట్టనిలువు పళ్లే పెడతారు. తయారీ సులువు, వాడకం తక్కువ. ఆ పళ్లు ఒక్కసారిగా తాకి, ఒక్కసారిగా విడిపోతాయి.

సెకనుకు గేరు ఎన్ని చుట్లు తిరుగుతుందో, దానికి ఎన్ని పళ్లున్నాయో తెలిస్తే, రెండూ హెచ్చిస్తే కూత పౌనఃపున్యం వస్తుంది. మొదట చెప్పుకున్న కారుకే ఈ లెక్క వేద్దాం. టైరు చుట్టుకొలత 1.94 మీటర్లనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల దగ్గర చక్రం సెకనుకు 8.6 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరులో ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు, అంటే సెకనుకు 33.3. పక్క సీట్లో పెట్టిన ఫోన్ 600 హెర్ట్జ్ దగ్గర ఒక నిటారు శిఖరం చూపించిందనుకుందాం. 600ను 8.6తో భాగిస్తే దాదాపు 70. చక్రాలను తిప్పే పెద్ద గేరుకు 70 పళ్లుంటే సరిగ్గా కుదిరింది. కానీ తొందరపడకూడదు. 600ను 33.3తో భాగిస్తే 18 వస్తుంది. ఇంజన్ వేగంతో తిరిగే షాఫ్ట్ మీద 18 పళ్ల గేరు ఉంటే అదీ సరిగ్గానే కుదురుతుంది! ఒకే ఒక్క వేగం దగ్గర కొలిస్తే ఇద్దరు అనుమానితులూ సమానంగా కనిపిస్తారు.

మూడో గేరు పరీక్ష ఇక్కడ తీర్పు చెబుతుంది. అదే 60 వేగంలో మూడో గేరుకు మారితే ఇంజన్ దాదాపు 2800 చుట్లకు వెళ్తుంది. 18 పళ్ల గేరు దోషి అయితే శిఖరం 840 హెర్ట్జ్‌కు జరగాలి. 70 పళ్లది అయితే 600 దగ్గరే కదలకుండా ఉండాలి. చేతిలో ఏ పరికరమూ లేకున్నా, శ్రుతి తెలిసిన చెవి ఈ తేడాను ఇట్టే పట్టేస్తుంది. 600కీ 840కీ మధ్య దూరం స్వరాల్లో చెప్పాలంటే షడ్జం నుంచి ప్రతిమధ్యమం దాకా ఉంటుంది.

ఫోన్లలో ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ యాప్‌లు ఈ పని చేస్తాయి. ఫోన్ శబ్దాన్ని సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు కొలిచి, 1965లో కూలీ, టూకీ ప్రచురించిన వేగవంతమైన ఫూరియర్ పద్ధతితో అందులోని పౌనఃపున్యాలను విడదీస్తుంది. శిఖరం కంటే కాలంతో పాటు సాగే పటం, అంటే స్పెక్ట్రోగ్రామ్, ఇంకా బాగా మాట్లాడుతుంది. కారు వేగం పెంచుతూ గేర్లు మారుస్తూ రికార్డు చేస్తే, ఇంజన్‌కు సంబంధించిన గీతలు గేరు మారిన ప్రతిచోటా మెట్టు దిగినట్టు తెగి కిందకు పడతాయి. చక్రాలకు సంబంధించిన గీత ఏ మాత్రం తెగకుండా ఏటవాలుగా పైకి సాగిపోతుంది. లెక్కలు రానివాళ్లు కూడా చూసి చెప్పగల తేడా ఇది. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి సంస్థల ప్రయోగశాలల్లో ఇదే పనిని ఇంజన్ వేగాన్ని విడిగా నమోదు చేస్తూ, ఎన్నో మైకులతో, కంపన సెన్సర్లతో చేస్తారు. సూత్రం మాత్రం ఒకటే.

కూత అన్ని గేర్లలోనూ ఉంటే చివరి గేర్ల జంట, ఒక్క గేరులోనే ఉంటే ఆ గేరు జంట. ఏదైనా సరే, విప్పే ముందు ఆయిల్ చూడాలి. మట్టం తగ్గిందా, రంగు పాలలా మారిందా, బయటకు తీసిన ఆయిల్లో లోహపు పొడి మెరుస్తోందా? మామూలుగా ఉండే సన్నని బూడిదరంగు ముద్ద పరవాలేదు. గోటికి తగిలే పెచ్చులుంటే గేర్‌బాక్స్ విప్పక తప్పదు. ఆయిల్ విషయంలో కంపెనీ పుస్తకంలో రాసిన రకమే పోయాలి. క్రౌన్, పినియన్ ఉన్న జీపుల ఆక్సిల్‌కు సరిపడే జీఎల్-5 ఆయిల్‌లోని రసాయనాలు కొన్ని గేర్‌బాక్స్‌ల ఇత్తడి సింక్రొనైజర్ రింగులను తినేస్తాయి. ‘చిక్కగా ఉంది, చప్పుడు తగ్గుతుంది’ అని పోసిన ఆయిల్ తర్వాత గేర్లు పడకుండా చేసిన సందర్భాలుంటాయి. ఇక క్రౌన్, పినియన్‌లను తయారీలోనే ఒకదానితో ఒకటి అరగదీసి జత కడతారు. ఒకటి పోతే రెండూ మార్చాలి, లేకపోతే కూత పోదు.

బేరింగ్ గొంతు వేరు

వీల్ బేరింగ్ సాధారణంగా మొదట్లో కూయదు, గుర్రుమంటుంది. కారణం లెక్కలోనే ఉంది. బేరింగ్ బయటి రింగు మీద ఒకచోట చిన్న పెచ్చు లేచిందనుకుందాం. ప్రతి బాల్ ఆ గుంట మీదుగా పోయినప్పుడు ఒక చిన్న దెబ్బ పడుతుంది. బాల్స్ చక్రంతో సమానంగా తిరగవు, దానికి సగం కంటే తక్కువ వేగంతో జరుగుతాయి. అందుకే ఇంజనీర్ల మోటు లెక్క ఇది: బాల్స్ సంఖ్యలో పదింట నాలుగు వంతులు తీసుకుని చక్రం వేగంతో హెచ్చించాలి. 13 బాల్స్ ఉంటే చక్రం ఒక చుట్టుకు 5.2 దెబ్బలు, 60 వేగం దగ్గర సెకనుకు దాదాపు 45. అది కూత కాదు, లోతైన హోరు. అరుగుదల పెరిగేకొద్దీ ఆ దెబ్బలు చుట్టూ ఉన్న లోహాన్ని మోగించి పైస్థాయి శబ్దాలనూ పుట్టిస్తాయి. 5.2 పూర్ణసంఖ్య కాకపోవడమే బేరింగ్ వేలిముద్ర. గేరుకు ఐదున్నర పళ్లు ఉండవు కదా.

రోడ్డు మీద దీన్ని పట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. ఖాళీ దారిలో మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగ్‌ను, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమదాన్ని మొదట చూడాలి. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని కాదు, కానీ ఎక్కువసార్లు నిజమవుతుంది. తర్వాత కారును జాకీతో లేపి, స్టాండు పెట్టి, సస్పెన్షన్ స్ప్రింగ్ మీద వేళ్లు ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పాలి. పాడైన బేరింగ్ గరగర ఆ స్ప్రింగ్ గుండా వేలికి తగులుతుంది. చెవి తప్పినచోట వేళ్లు తప్పకపోవచ్చు.

వరద నీటిలో మునిగిన కార్లకు ఈ బాధ ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందున్న బండ్లూ బురద నీటిలో నానాయి. ఇంజన్, సీట్లు, వైరింగ్ చూసుకుని కారు నడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. బేరింగ్ సీల్ దాటి చేరిన నీరు మాత్రం గ్రీజును పలచన చేసి, మెరిసే ఉక్కు మీద తుప్పు చుక్కలు పెడుతుంది. అవి పెచ్చులై హోరు మొదలవడానికి కొంత కాలం పడుతుంది కాబట్టి, వరదకూ ఈ శబ్దానికీ సంబంధం ఎవరికీ తట్టదు. లోతైన నీళ్లలోంచి నడిపిన కారుదీ ఇదే కథ. పరిగెత్తి వేడెక్కిన గేర్‌బాక్స్ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ గుండా, అరిగిన సీళ్ల గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. ఆయిల్ పాలలా మారడానికి కారణం అదే.

బేరింగ్ మార్చేటప్పుడు పాటించాల్సిన నియమం ఒకటుంది. హబ్‌లోకి బేరింగ్‌ను బిగించేటప్పుడు బలం బయటి రింగు మీద పడాలి, హబ్‌ను బేరింగ్‌లోకి దించేటప్పుడు లోపలి రింగుకు ఆసరా ఉండాలి. ప్రెస్ లేక సుత్తితో కొడితే ఆ దెబ్బలు బాల్స్ గుండా పోయి, రింగుల మీద కంటికి ఆనని గుంటలు చేస్తాయి. కొత్త బేరింగ్ వేసిన కొన్నాళ్లకే హోరు మళ్లీ వచ్చిందంటే ప్రతిసారీ డూప్లికేట్ సరుకునే తిట్టుకోనక్కర్లేదు.

బెల్ట్, కరెంటు, ఇంకొన్ని

ఉదయం స్టార్ట్ చేయగానే కీచుమనే బెల్ట్‌ది వేరే భౌతికశాస్త్రం. అక్కడ రబ్బరు పుల్లీకి అతుక్కుని, జారి, మళ్లీ అతుక్కుంటుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసేదీ ఇదే. 1918లో సి.వి. రామన్ కలకత్తాలో ఉండగా కమానుతో మోగించే తీగల కంపనాల మీద పెద్ద గ్రంథమే రాశారు. బెల్ట్ గురించి ఆయన రాయలేదు గాని, అతుకుతూ జారే ఆ ఘర్షణ రెండుచోట్లా ఒకటే. నడుస్తున్న బెల్ట్ పక్కటెముకల మీద కాసిన్ని నీళ్లు చిలకరించి చూస్తారు మెకానిక్‌లు. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు. ఇంకా పెరిగితే బిగువు చాల్లేదు. బెల్ట్ డ్రెస్సింగ్ స్ప్రే కొట్టి పంపేయడం వైద్యం కాదు, నొప్పి మాత్ర. కొన్ని కార్లలో ఈ బెల్టే కూలెంట్ పంపునూ తిప్పుతుంది. అది తెగితే ఇంజన్ కొద్ది నిమిషాల్లో ఉడికిపోతుంది. బెల్ట్ తిరుగుతుండగా చున్నీ, పొడవాటి చేతులు, గొలుసులు దాని దరిదాపుల్లో ఉండకూడదని విడిగా చెప్పనక్కర్లేదు.

స్పీకర్లలోంచి మాత్రమే వచ్చే కూత ఇంకో రకం. సాధారణ ఆల్టర్నేటర్‌లో 12 ధ్రువాలు, మూడు ఫేజులు ఉంటాయి. డయోడ్లు ఆ విద్యుత్తును ఏకముఖంగా మార్చినా, ఒక్క చుట్టుకు 36 చిన్న అలలు మిగులుతాయి. ఇంజన్ 800 చుట్ల దగ్గర నెమ్మదిగా నడుస్తుంటే, రెండున్నర రెట్లు వేగంగా తిరిగే ఆల్టర్నేటర్ నుంచి 1200 హెర్ట్జ్ అల వస్తుంది. ఎర్త్ సరిగా లేని ఆంప్లిఫయర్ దాన్ని నమ్మకంగా పాడి వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే స్వరమూ పైకి లేస్తుంది. ఇంజన్ మీద చేయి వేయకముందే స్టీరియో ఆపి చూస్తే, ఫోన్ చార్జర్ పీకి చూస్తే తేలిపోయే విషయం. అవి ఆపినా మామూలుగా ఉండి, లైట్లు మిణుకుతుంటే డయోడ్ పోయిందేమో చూపించాలి.

డీజిల్ కార్ల టర్బో నిమిషానికి లక్షన్నర చుట్లు తిరగడం మామూలే. అంటే సెకనుకు 2500. ఒక సన్నని ఈల సహజం. కొత్తగా పెద్దదైతే, దానితో పాటు లాగుడు తగ్గితే, గొట్టం చీలి గాలి పోతోందేమో చూడాలి.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక కూతల కథ ఇంకో మలుపు తిరిగింది. ఇంజన్ రొద అనే దుప్పటి లేకపోవడంతో మోటారు, గేర్ల చిన్న స్వరాలు కూడా బయటపడతాయి. 48 గాడులున్న మోటారు నిమిషానికి 3000 చుట్ల దగ్గర 2400 హెర్ట్జ్ స్వరం ఇవ్వగలదు. సరిగ్గా చెవి అత్యంత చురుగ్గా వినే చోట. తక్కువ వేగంలో పాదచారుల కోసం కావాలని స్పీకర్ ద్వారా చేసే శబ్దమూ కొన్ని మోడళ్లలో ఉంటుంది. దాన్ని లోపమనుకుని సర్వీసు సెంటర్‌కు వెళ్లేవాళ్లూ ఉన్నారు.

మెకానిక్ దగ్గరకు వెళ్లేటప్పుడు ‘ముందు నుంచి ఏదో శబ్దం’ అని చెప్పేకంటే ఒక చిన్న చీటీ ఎక్కువ పనిచేస్తుంది. ఏ వేగం దగ్గర మొదలైంది, అదే వేగంలో గేరు మారిస్తే స్థాయి మారిందా, కాలు తీస్తే ఆగిందా, నిలబెట్టినప్పుడు ఉందా, చివరిసారి ఎప్పుడు నీళ్లలో దిగింది. అందుకు తోడు రికార్డింగు ఉంటే ఇంకా మంచిది. చీటీలోని వివరాలు వీల్ బేరింగ్ వైపు చూపిస్తే, చక్రం ఊగుతుంటే, ఆ కారును హైవే ఎక్కించకూడదు.

మరమ్మతు అయ్యాక కూడా అదే రోడ్డు మీద, టైర్లలో అదే గాలి ఉంచి, అదే 60 వేగంలో మళ్లీ రికార్డు చేసి పోల్చాలి. మన కారులో 600 దగ్గరి గీత మాయమైతే పని అయినట్టే. అప్పుడు కొందరు రెండు రోజుల్లోనే షెడ్డుకు తిరిగొస్తారు, కొత్తగా ఇంకేదో శబ్దం వస్తోందని. చాలాసార్లు అది కొత్తది కాదు. కూత ఉన్నంతకాలం దాని చాటున దాగిన వెనక టైర్ల రొదో, డ్యాష్‌బోర్డు కిటకిటో ఇప్పుడు చెవికి అందుతోంది. పాత రికార్డింగు తెరిచి చూస్తే ఆ గీత అప్పుడూ అక్కడే ఉంటుంది.